ఏ గ్రీను కావాలక్కా?

ధర్మవరంలో ఒక పట్టుచీరల కొట్టు. హిందూపురం నుంచి పెళ్లిబట్టలకని వచ్చిన కుటుంబం పరుపు మీద కూర్చుని ఉంది. పెళ్లికూతురి తల్లి “గ్రీను చూపించప్పా” అంది. చీరలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. ఇది కాదు. ఇదీ కాదు. కొట్టతను ఓపిగ్గానే అడిగాడు: “అక్కా, మీరడిగింది గ్రీనే కదా? ఇది గ్రీనే కదా?”

“గ్రీనే గానీ, ఈ గ్రీను కాదప్పా!”

మీకూ ఇలాంటిది జరిగే ఉంటుంది. చీర కాకపోతే మ్యాచింగ్ బ్లౌజు, అదీ కాకపోతే ఇంటి గోడలకు వేయించిన రంగు. డబ్బాలో ఒకలా, గోడ మీద ఇంకోలా. తప్పెవరిది? కొట్టతనిది కాదు. మీ కంటిదీ కాదు, అది సరిగ్గానే చూస్తోంది. కళ్లకు తెలిసినదాంట్లో మూడో వంతే నోటితో చెప్పారు, అంతే.

ఏ రంగునైనా పట్టి ఇచ్చేవి మూడు గుణాలు. అది ఏ రంగు అన్నది మొదటిది. ఎంత లేత, ఎంత ముదురు అన్నది రెండోది. ఎంత కళగా ఉంది, ఎంత డల్లుగా ఉంది అన్నది మూడోది. అమెరికాలోని బోస్టన్‌లో చిత్రలేఖనం నేర్పిన ఆల్బర్ట్ మన్సెల్ అనే పంతులు పిల్లలకు రంగుల గురించి తడబాటు లేకుండా చెప్పాలని ఈ మూడింటికీ కొలతలు కట్టి 1905లో పుస్తకం వేశాడు. మట్టి రంగును నమోదు చేసే నేల శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఆయన పేరిటి పట్టికలే వాడుతున్నారు. మీకు పట్టికలు అక్కర్లేదు. మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవడం అలవాటైతే చాలు.

1. పేరు చెప్పి ఆగకండి, ఎటు మొగ్గుతోందో చెప్పండి

చిలకపచ్చ పసుపు వైపు మొగ్గిన గ్రీను. కొట్లలో రామా గ్రీన్ అనేది నీలం వైపు మొగ్గినది. రెండూ గ్రీనే, కానీ ఒకటి కావాలన్నవాళ్లకు రెండోది చూపిస్తే మొహం తిప్పుకుంటారు. ఎరుపులోనూ అంతే. కనకాంబరం నారింజ వైపుది, రాణి రంగు వంకాయ వైపుది.

ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా, మళ్లీ ఎరుపు. రంగులన్నీ ఇలా ఒక వలయంలా తిరుగుతాయి కాబట్టి ప్రతి రంగుకూ అటొక పొరుగు, ఇటొక పొరుగు ఉంటాయి. “గ్రీను, కొంచెం నీలం వైపు” అన్నారంటే పరుపు మీద పడే చీరల్లో సగం అప్పుడే తగ్గిపోతాయి.

మరి కాఫీపొడి రంగు ఈ వలయంలో ఎక్కడుంది? వెతకండి. విడిగా దానికి చోటు లేదు. అది ముదిరిపోయిన నారింజ. మెరూన్ అంటే ముదిరిన ఎరుపు. ఉల్లిపొర రంగు అంటే లేతబడి, కాస్త కళ తగ్గిన ఎరుపు. అద్దకంలో చెయ్యి తిరిగినవాళ్లు కాఫీపొడి రంగు అడగ్గానే ఎరుపూ పసుపూ చేతిలోకి తీసుకునేది అందుకే. తెలుపు, నలుపు, బూడిద రంగులకు వలయంలో అసలు స్థానమే లేదు.

2. కన్ను మొదట పట్టేది లేత–ముదురులనే

మూడు గుణాల్లో జనం ఎక్కువగా వదిలేసేది ఇదే, ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ ఇదే. ఇక్కడ కొంచెం ఆగాలి. వీలుంటే హిందూపురం నుంచి 15 కిలోమీటర్లు వెళ్లి లేపాక్షిలో ఆగాలి.

విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించిన వీరభద్రస్వామి ఆలయం అది. మండపంలో నిలబడి తలెత్తితే పైకప్పు నిండా బొమ్మలు: కిరాతార్జునీయం, గిరిజా కల్యాణం, ఆవు దూడ కోసం కన్నకొడుకునే శిక్షించిన చోళరాజు కథ. దాదాపు 500 ఏళ్ల నాటివి. చాలాచోట్ల పెచ్చులూడాయి, కొన్నిచోట్ల మసకబారాయి. అయినా ఏ బొమ్మ ఏదో, ఎవరు ఎటు తిరిగి ఉన్నారో, ఎవరి చీర మీద ఏ గీతలున్నాయో కిందినుంచే తెలుస్తుంది. ఎలా?

ఆ చిత్రకారుల దగ్గర రంగులు బోలెడు లేవు. సున్నపు గచ్చు మీద ఎర్రమట్టి, పసుపుమట్టి, కొంత ఆకుపచ్చ, తెలుపు, నలుపు. ఇవాళ చిన్నపిల్లల రంగుల డబ్బాలో ఉండేటన్ని కూడా కావు, అందులోనూ ఎక్కువ భాగం కళ తక్కువైన మట్టి రంగులే. వాళ్లు లేత–ముదురుల మీద ఆధారపడ్డారు. ముదురు ఎరుపు నేల, దాని మీద లేత ఒళ్లు, చుట్టూ నల్లటి గీత. కళ్లు సగం మూసి చూడండి. ఏది ఏ రంగో తెలియకుండా పోతుంది, బొమ్మ మాత్రం పోదు.

ఇదే పరీక్ష చీరకు పెట్టండి. కళ్లు చికిలించి చూడండి, లేదా ఫోన్లో ఫోటో తీసి దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. ముదురు గ్రీను చీరకు మెరూన్ అంచు ఉందనుకోండి. వలయంలో ఎదురెదురు రంగులు, చేతిలో పట్టుకుంటే ఎంతో తేడా. ఫోటోలో చూస్తే అంచు మాయం! రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. మధ్యలో జరీ గీత లేకపోతే పది వరసల వెనక కూర్చున్న చుట్టాలకు ఆ అంచు కష్టంగానే తెలుస్తుంది. అదే గ్రీనుకు మామిడిపండు రంగు అంచు వేస్తే మండపం చివరనుంచీ కనిపిస్తుంది.

అంచు కనబడకపోవడం తప్పేమీ కాదు, కొందరికి ఆ ఒద్దికే నచ్చుతుంది. తెలిసి ఎంచుకున్నారా, తెలియక కొన్నారా అన్నదే ప్రశ్న.

సాయంత్రపు వేడుకలకు ఇంకో మాట. చీకటి పడుతున్నకొద్దీ కంటికి ఎరుపు త్వరగా నల్లబడుతుంది, నీలం, ఆకుపచ్చలు ఇంకాసేపు నిలుస్తాయి. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే రెండు వందల ఏళ్ల కిందట గమనించిన విషయమిది. ఆరుబయట, సందెవేళ, లైట్లు వెయ్యకముందు జరిగే వేడుకకు మెరూన్ చీర కట్టుకున్నవాళ్లు ‘నల్లగా కనిపిస్తోందేంటి’ అని కొట్టతని మీద కోప్పడకూడదు.

3. డల్లు వేరు, డార్కు వేరు

తరచూ జరిగే పొరపాటు ఇది. “ఇంకొంచెం డార్కుగా కావాలి” అని అడుగుతారు, తీరా తెస్తే “ఇంత మబ్బుగా ఉందేంటి” అంటారు. వాళ్లకు కావలసింది ముదురు కాదు, కళ. కొట్టతను ముదురు వైపు నాలుగు అరలు దిగాడు, వెళ్లాల్సింది పక్కకు.

అద్దకం జరిగే చోటికి వెళ్లి చూస్తే ఈ రెండూ ఎంత వేరో అర్థమవుతుంది. పట్టులో లేత రంగు రావాలంటే తెలుపు కలపరు, రంగు తగ్గిస్తారు. కిలో పట్టుకు 10 గ్రాముల రంగు వేస్తే దాన్ని ఒక శాతం షేడ్ అంటారు. అర శాతం వేస్తే లేత, మూడు నాలుగు శాతం వేస్తే ముదురు. తెలుపు ఎక్కడినుంచి వస్తుంది? పట్టు నుంచే.

అందుకే పట్టు తెల్లగా ఉండాలి. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు వెళ్తే తెల్లగూళ్లూ, పసుపుపచ్చ గూళ్లూ రెండూ కనిపిస్తాయి. ఆ పసుపు చాలావరకు దారానిది కాదు, దాని మీది జిగురుది. సబ్బు, సోడా వేసి ఉడకబెడితే జిగురుతోపాటు పసుపూ పోతుంది. బరువులో సుమారు 20 నుంచి 25 శాతం తగ్గుతుంది. జిగురు సరిగా పోకుండా లేత గులాబీ అద్దితే ఏమవుతుంది? గులాబీ కాస్తా కనకాంబరం వైపు జరుగుతుంది, అక్కడక్కడా మచ్చలు పడతాయి. ముదురు మెరూన్ అద్దితే ఆ తేడా అంతగా బయటపడదు. లేత రంగు చీర చవగ్గా వస్తోందంటే రెండుసార్లు పరకాయించి చూడాలి.

కళ తగ్గించడం వేరే పని. మరీ మెరిసిపోతున్న గ్రీనును కొంచెం తగ్గించాలంటే అనుభవమున్న అద్దకందారు దానికి ఎదురు రంగైన ఎరుపును చిటికెడు వేస్తాడు. నలుపు పోస్తే కళతోపాటు లేతదనమూ పోతుంది, రెండు గుణాలూ ఒకేసారి కదిలిపోతాయి.

అడిగితే ఎవరూ ఇవ్వలేని రంగులూ కొన్ని ఉన్నాయి. “ముదురు పసుపు కావాలి, బాగా కళగా ఉండాలి” అన్నారనుకోండి. పసుపు కళ అంతా లేతగా ఉన్నప్పుడే. ముదిరితే అది ఆలివ్ గ్రీను వైపో మట్టి వైపో పోతుంది. నీలం, ఊదాలది సరిగ్గా తలకిందులు, ముదురులోనే వాటి కళ. అవి లేతబడితే ఎంత మంచి రంగు వేసినా మెత్తబడతాయి. ఇది అద్దేవాళ్ల చేతకానితనం కాదు, రంగుల స్వభావం. ఆ సంగతి తెలిస్తే సగం గొడవలు మొదలే కావు.

4. పడుగు ఒకటి, పేక ఒకటి

ధర్మవరం చీరల్లో చాలామంది వెతికేది డబుల్ షేడ్. నీలం పడుగులో (నిలువు దారాల్లో) గ్రీను పేక (అడ్డదారం) పడితే నెమలికంఠం. మడత కదిలినప్పుడల్లా ఒకసారి నీలం, ఒకసారి గ్రీను పైకి తేలుతాయి. దారాలు సన్నగా ఉండటంతో దూరంనుంచి కన్ను రెంటినీ కలిపేసి నడిమి రంగును చూస్తుంది.

ఈ కలపడంలోనే కిటుకుంది. వలయంలో పక్కపక్క రంగులు కలిస్తే నడిమి రంగు కళగానే ఉంటుంది. ఎదురెదురు రంగులు, అంటే ఎరుపు పడుగూ గ్రీను పేకా కలిస్తే దూరంనుంచి గోధుమ రంగు. దగ్గర్నుంచి చూస్తే అది బ్రహ్మాండమైన నేతే, మడతల్లో నిప్పులా ఎరుపు తళుక్కుమంటుంది. ఫోటోలో మాత్రం మట్టిరంగు చీర. కొనేముందు చేతిలో పట్టుకుని చూడటం, నాలుగడుగుల అవతల ఎవరిచేతనైనా పట్టించి చూడటం, రెండూ చెయ్యండి.

ఇక్కడే ఒప్పుకోవలసిన ఇంకో విషయం ఉంది. మూడు గుణాలూ అచ్చంగా సరిపోయినా పట్టు పట్టులాగే, నూలు నూలులాగే కనిపిస్తాయి. మెరుపు ఈ మూడింటి లెక్కలోకి రాదు.  పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ నుంచి వచ్చే కార్లనే చూడండి: మామూలు తెలుపు, ముత్యపు మెరుపున్న తెలుపు పక్కపక్కన నిలబెడితే రెంటినీ ఒకే తెలుపనడానికి మనసొప్పదు. గీత పడిన కారుకు “తెల్ల రంగు వెయ్యండి” అని చెప్పి వదిలేస్తే ఆ ఒక్క తలుపే వేరే కారుదిలా తయారవుతుంది. బండి మీద స్టిక్కర్లో రంగు కోడు ఉంటుంది, అది చెప్పండి.

5. పక్కనున్న రంగును కూడా చూడండి

పారిస్‌లో గోబెలిన్ అనే పేరుపడ్డ నేతశాల ఉంది. అక్కడి అద్దకానికి 1824లో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా వచ్చాడు. నలుపు దారం బాగాలేదని, నీలం, ఊదా పక్కన వెలవెలబోతోందని ఫిర్యాదు. ఆయన ఆ నలుపును వేరేచోట్ల తయారైన నలుపులతో పోల్చి పరీక్షించాడు. నలుపులో లోపమేమీ లేదు! పక్కనున్న రంగే దాన్ని అలా చూపిస్తోంది. దాని మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1839లో వచ్చింది. (ఆయన 102 ఏళ్లు బతికాడు, రంగులతో పనిచేస్తే ఆయుష్షు పెరుగుతుందనుకుంటే అది మీ ఇష్టం.)

మీకు దీంతో పనేమిటి? బ్లౌజు పీసును గాజు బల్ల మీద పెట్టి నిర్ణయించకండి, చీర మీదే పరిచి చూడండి. ఒకే బూడిద రంగు బ్లౌజు ఎర్రచీర మీద కొంచెం ఆకుపచ్చగా, గ్రీను చీర మీద కొంచెం ఎర్రగా కనబడుతుంది. నల్లటి చీర పక్కన లేతగా, తెల్లచీర పక్కన ముదురుగా కూడా. గోడ రంగుకు ఇంకో చిక్కుంది. షేడ్ కార్డులో అగ్గిపెట్టెంత ముక్కలో ముచ్చటగా ఉన్న రంగు నాలుగు గోడలకూ ఎక్కితే కళ్లలో గుచ్చుకుంటుంది. నచ్చినదానికన్నా ఒక మెట్టు డల్లుగా ఉన్నది ఎంచుకోండి.

6. చీరను వాకిట్లోకి తీసుకెళ్లడం చాదస్తం కాదు

పెద్దవాళ్లు చీర పట్టుకుని కొట్టు బయటికి నడిస్తే పిల్లలు సిగ్గుపడతారు. సిగ్గుపడాల్సిన పనేం లేదు, పెద్దవాళ్లదే రైటు. వేర్వేరు రంగులు కలిపి అద్దిన రెండు బట్టలు ఎల్ఈడీ కింద అచ్చుగుద్దినట్టు ఉండి, ఎండలో విడిపోవచ్చు. ధర్మవరంలో అద్దిన పట్టూ, ఇంకెక్కడో తయారైన పాలిస్టర్ బ్లౌజు పీసూ అయితే ఆ అవకాశం మరీ ఎక్కువ.

అయితే బయట ఎక్కడ నిలబడ్డారో చూసుకోండి. ఎర్ర షామియానా కింద నిలబడితే ఎరుపే చీర మీద పడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో పట్టు మెరుపు రంగును మింగేస్తుంది. పగటిపూట తెరిపి నీడే మంచిది.

వాట్సాప్‌లో ఫోటో పంపి “ఇదే కావాలి” అనేవాళ్లకు: ఫోన్ కెమెరా తనకు తోచినట్టు రంగును సరిదిద్దేస్తుంది. చీర పక్కన తెల్ల కాగితం పెట్టి ఫోటో తియ్యండి. కాగితం ఏ రంగు వైపు తిరిగిందో చూస్తే చీర ఎటు తిరిగిందో అవతలివాళ్లకు తెలుస్తుంది.

వెలుతురు వెనకనుంచి వస్తే కథ ఇంకా మారుతుంది. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పలచగా గీకిన మేకతోలు మీద వేసిన ఎరుపు, ఆకుపచ్చలు పగలు చేతిలో కాస్త మందకొడిగానే ఉంటాయి. వెనక దీపం వెలిగితే అవే రంగులు భగ్గుమంటాయి, పొడిచిన రంధ్రాలు నగల్లా మెరుస్తాయి. ఇప్పుడు వాళ్లు లాంప్‌షేడ్లు కూడా చేస్తున్నారు. కొనేటప్పుడు ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి చూడండి.

7. నోటిమాట కాదు, చీటీ రాయండి

మగ్గం మీద ప్రత్యేకంగా చీర నేయించుకుంటున్నారా? చీటీ ఇలా ఉండాలి:

“బాడీ గ్రీను, నీలం వైపు. లేతకూ ముదురుకూ నడుమ. కళగా ఉండాలి. అంచు మామిడిపండు రంగు, బాడీకన్నా బాగా లేత. పడుగూ పేకా ఒకే రంగు, డబుల్ షేడ్ వద్దు.”

నమూనా దారం చూపిస్తే తడిమీద ఒప్పుకోకండి. తడిసిన పట్టు ఎప్పుడూ ముదురుగానే కనిపిస్తుంది. ఆరనివ్వండి, పగటి వెలుతురులో చూడండి, ఒప్పుకున్న పోగును చీటీకే చుట్టి దాచండి.

ధర్మవరం చేనేత పట్టుకు వచ్చిన భౌగోళిక గుర్తింపు చీరలతోపాటు పావడాలకూ వర్తిస్తుంది. తల్లి చీరకు జతగా పాపకు పావడా అనుకుంటే రెండూ ఒకేసారి చెప్పండి, బ్లౌజు పీసుతో సహా. ఒక్క కాగులో అద్దిన దారమే మూడింటికీ పడాలి. ఆర్నెల్ల తర్వాత అదే లెక్క ప్రకారం అద్దినా నీళ్లు, పట్టు, వేడి ఏ కొంచెం మారినా రంగు ఒక వెంట్రుకవాసి తప్పుతుంది, అది పావడా చీర పక్కన నిలబడినప్పుడే బయటపడుతుంది.